హేజ్ మెషీన్ చేతికి వచ్చిందన్నావుగా

తమ్ముడూ,

వచ్చే స్టేజ్ షోకి హేజ్ మెషీన్ నీకే అప్పజెప్పారని రాశావు. ఫాగ్ మెషీన్ అలవాటుతో దీని మీద చెయ్యి వెయ్యకు. ఫాగ్ గుప్పున లేచి తెరలా కమ్మి, కాసేపటికి విడిపోతుంది. హేజ్ అలా కాదు, కంటికి ఆనని తుంపర హాలంతా పలచగా పరుచుకోవాలి. లైటు బీమ్ వెలిగితేనే దాని గీత కనబడాలి. మబ్బులు మబ్బులుగా తేలుతోందంటే ఎక్కువ వదిలావన్నమాట.

ఎక్కడ పెట్టాలో గాలిని అడుగు. షోలో ఏసీ, ఫ్యాన్లు ఎలా నడుస్తాయో అలాగే వేయించి, స్టేజ్ వెనక నుంచి వేసే బ్యాక్ లైట్ ఒక్కటి ఉంచి, ఒక నిమిషం హేజ్ వదిలి ఎటు పోతుందో చూడు. గాలి వచ్చే వైపు మెషీన్ ఉండాలి. ఏసీ గాలిని వెనక్కి లాక్కునే జాలీ పక్కన పెడితే తయారైంది తయారైనట్టే అందులోకి పోతుంది, నువ్వు ఔట్‌పుట్ పెంచుకుంటూ కూర్చుంటావు. మూతిని నేరుగా స్టేజ్ మధ్యకి తిప్పకు. పక్క తెరల వెనక పెట్టి, ముందు చిన్న ఫ్యాన్ ఉంచితే చారలు లేకుండా కలిసిపోతుంది. ఖాళీ హాల్లో రిహార్సల్‌కి కుదిరిన లెక్క షోకి కుదరదు. జనం ఒంటి వేడికి గాలి పైకి లేస్తుంది, తలుపులు ఊరికే తెరుచుకుంటుంటాయి. ఆరుబయట అయితే గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం, అందుకే రెండు వైపులా ఒక్కో మెషీన్ పెట్టుకో.

షోకి 30 నుంచి 45 నిమిషాల ముందే తక్కువలో మొదలుపెట్టు. చాలా మెషీన్లకి ఔట్‌పుట్‌కొకటి, ఫ్యాన్‌కొకటి డీఎంఎక్స్ ఛానెల్, అంటే లైటింగ్ బోర్డు నుంచి నడిపే కంట్రోల్ లైను, ఉంటుంది. ఫ్యాన్ కాస్త ఎక్కువగా, ఔట్‌పుట్ 10, 15 శాతంలో ఉంచి చూడు. మార్చాక కనీసం 5 నిమిషాలు ఆగు. ఫేడర్, అంటే బోర్డు మీద జరిపే మీట, తోసిన వెంటనే తేడా కనబడదు, కనబడలేదని ఇంకా తోసేవాళ్లే హాలు నింపేస్తారు.

ఆ తుంపర లైటును అది వెళ్తున్న దిక్కుకే ఎక్కువగా చెదరగొడుతుంది. అందుకే వెనక నుంచి జనం వైపు వచ్చే బీమ్ ధగధగలాడుతుంది, ముందు నుంచి వేసిన లైటు మాత్రం స్టేజీని పాలు కలిపినట్టు చేస్తుంది. ఫ్రంట్ లైట్ తగ్గించి చూశాకే హేజ్ సరిపోలేదను.

కరెంటు నేరుగా ఇవ్వాలి, లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ ఛానెల్ నుంచి ఎప్పుడూ వద్దు. లోపల హీటరు, పంపు, బోర్డు ఉంటాయి, డిమ్మర్ ముక్కలుగా కోసి ఇచ్చే కరెంటుకి అవి పాడవుతాయి. లిక్విడ్ కూడా ఆ మెషీన్‌కి కంపెనీ చెప్పిందే. నీళ్ల లిక్విడ్ మెషీన్‌లో ఆయిల్ పొయ్యకు. ఆయిల్ హేజ్ గాలిలో ఎక్కువసేపు నిలుస్తుంది, నిజమే, కానీ లెన్సుల మీద పొర కడుతుంది. ట్యాంకు అడుగంటకముందే నింపు. ఖాళీగా నడిపితే పంపు పోతుంది.

ఇక స్మోక్ డిటెక్టర్లు. ఇందులో మొహమాటం పనికిరాదు. పొగకీ హేజ్‌కీ వాటికి తేడా తెలియదు. షోకి కాదు, రిహార్సల్‌కి ముందే బిల్డింగ్‌లో ఫైర్ చూసుకునేవాళ్లతో మాట్లాడి రాతలో అనుమతి తీసుకో. ఆ హాలు డిటెక్టర్లున్న జోన్ ఒక్కటే వాళ్ల చేతే ఆపించు, ఆపినంతసేపూ మంటలు గమనించడానికి ఒక మనిషిని నిలబెట్టించు. డిటెక్టర్‌కి కవరు తొడిగి టేపు వెయ్యడం మాత్రం చెయ్యకు, తియ్యడం ఎవరికీ గుర్తుండదు. హేజ్ పూర్తిగా పోయాక జోన్ మళ్లీ ఆన్ చేశారని కళ్లతో చూసి కదులు.

మెషీన్ మూతి దగ్గర నేల జారుతుంది, డాన్సర్లు నడిచే దారిలో పెట్టకు. పాడేవాళ్లకి గొంతు ఆరుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లెవరో ముందే అడుగు, వాళ్లకి దూరంగా పెట్టు. లిక్విడ్ సేఫ్టీ షీట్, అంటే దాని జాగ్రత్తలు రాసిన కంపెనీ కాగితం, దగ్గర ఉంచుకో.

అయిపోయాక వెంటనే ప్లగ్ పీకకు, ఫ్యాన్ తిరుగుతూ చల్లారనివ్వు. ట్యాంకు ఖాళీ చేసి, నిలువుగానే బండెక్కించు.

మీ అన్నయ్య