పుస్తకం ఊరు దాటాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగారు: చిన్న ఊళ్లలోని గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఎలా అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఇవాళ వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది కొండపి మండలంలో ఒక పల్లె. పాత పంచాయతీ గదిలో యువజన సంఘం తరఫున గ్రంథాలయం నడుపుతున్నాం. 600 దాకా పుస్తకాలున్నాయి. రోజూ వచ్చే పిల్లలు అన్నీ చదివేశారు, కొత్తవి కొనడానికి డబ్బుల్లేవు. వేరే దేశాల్లో ఒక లైబ్రరీలో లేని పుస్తకం ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారట కదా, మాలాంటి వాళ్లకి అది కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుంది. పెద్ద గ్రంథాలయాల కంటే మీలాంటి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. పైగా మనకు కొత్త కూడా కాదు. 1935లోనే గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవలో పెట్టి కాలవ వెంట ఊళ్లకు తిప్పారు. ప్రతి ఊరికీ ఒక గది, ఒక బీరువా అక్కర్లేకుండానే అవే పుస్తకాలు గట్టు పొడుగునా జనానికి అందాయి. మీకు కాలవ లేకపోవచ్చు, ఊరికి వచ్చే బస్సు ఉంది, రోజూ మండల కేంద్రానికి బండి మీద వెళ్లొచ్చే మనుషులున్నారు, అది చాలు.

ముందు చేయాల్సింది పుస్తకాలు పంపడం కాదు, జాబితా రాయడం. మీ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఏముందో ఇవాళ ఎవరికీ తెలియదు, అసలు చిక్కు అక్కడే ఉంది. మండల కేంద్రంలో జిల్లా గ్రంథాలయ సంస్థ వారి శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడ, హైస్కూల్లో ఎప్పుడూ తాళం వేసి ఉండే బీరువాలో, పక్క ఊళ్లో ఎవరో పెద్దాయన పోయాక ఆయన పిల్లలు రామాలయానికి ఇచ్చేసిన పుస్తకాల కట్టల్లో, ఇలా ఎన్నో చోట్ల మీ పిల్లలు చదవని పుస్తకాలు ఉండే ఉంటాయి. నాలుగైదు చోట్ల మాట్లాడి, అన్నిటి పుస్తకాలూ ఒకే పట్టికలోకి ఎక్కించండి. పేరు, రచయిత, ఎవరి దగ్గరుంది, అట్ట ఎలా ఉంది, బయటికి పంపొచ్చా లేదా, ఇంతవరకు చాలు. ఫోన్లో గూగుల్ షీట్ తెరిచి సాయంత్రం పూట ఇద్దరు ఇంటర్ పిల్లలు కూర్చుంటే ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించేస్తారు.

ఈ జాబితాకి, ఇచ్చిపుచ్చుకునే లెక్కలకి సాఫ్ట్‌వేర్ కావాలా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. కోహా అని ఉచితంగా దొరికేది ఒకటుంది, న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే గ్రామీణ ప్రాంతపు గ్రంథాలయాల కోసం 2000 సంవత్సరం వచ్చేసరికి తయారుచేయించి, తర్వాత అందరికీ వదిలేశారు. మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కూడా ఉంది. రెండూ మంచివే. కానీ 600 పుస్తకాలకు ఇప్పుడే అంత హడావుడి వద్దు, దాన్ని నేర్చుకున్న కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే మొత్తం ఆగిపోతుంది.

ఇక పంపకం రెండు రకాలుగా పెట్టుకోండి. మొదటిది, అడిగినవాళ్లకి అడిగిన పుస్తకం తెప్పించడం. గ్రూప్-2కో, డీఎస్సీకో చదివేవాళ్లకి ఏం కావాలో పేరుతో సహా తెలుసు, వాళ్లకి ఇదే సరిపోతుంది. అయితే పిల్లలు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు జాబితా చూసి పుస్తకం అడగరు. చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి, మధ్యలో ఒక పేజీ చదివి అప్పుడు తీసుకుంటారు. వాళ్ల కోసం తిరిగే పెట్టె కావాలి. ఒక ట్రంకు పెట్టెలో 40 పుస్తకాలు సర్ది పక్క ఊరికి పంపండి, వాళ్ల పెట్టె మీకు వస్తుంది, రెండు నెలలకోసారి మారుతుంది. నాలుగు ఊళ్లు చేరితే పైసా ఖర్చు లేకుండా ఏడాదిలో బయటి ఊళ్ల పుస్తకాలు 120 మీ పిల్లల ముందుకు వస్తాయి. ఈ రెండో పద్ధతినే చాలామంది పట్టించుకోరు, నా మటుకు నేను పంపకం దీనితోనే మొదలుపెట్టమంటాను.

పెట్టెలో ఎవరూ ముట్టని పాత గైడ్లు, రంగు వెలిసిన ప్రభుత్వ నివేదికలు నింపి పంపొద్దు. మీ దగ్గర బాగా తిరిగిన పుస్తకాలే పంపండి, అవతలివాళ్లూ అలాగే పంపుతారు. పొగాకు ఆకు కాల్చే బ్యారన్లు నడిచే రోజుల్లో మీ వైపు ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి పెట్టె మార్చే తేదీ అప్పుడు పెట్టుకోకండి. ఇంకోటి, పెట్టె రాగానే గదిలోకి తీసుకెళ్లకుండా వరండాలోనే తెరిచి ప్రతి పుస్తకం వెన్ను విప్పి చూడండి. సన్నటి మట్టి గీతలు గానీ, దులిపితే పొడి గానీ రాలితే ఆ పుస్తకం పక్కన పెట్టేయాల్సిందే. ఒక్క పుస్తకంతో వచ్చిన చెదలు బీరువా మొత్తాన్ని తినేస్తుంది.

ప్రశ్న: వింజమూరు దగ్గర రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఇలాంటి ఆలోచన మా ఊళ్లోనూ వచ్చింది గానీ "ఇచ్చిన పుస్తకం తిరిగొస్తుందా మాస్టారూ" అని అందరూ వెనక్కి లాగుతున్నారు. పోతే ఎవరిది బాధ్యత?

జవాబు: మాస్టారూ, వాళ్ల భయం తప్పేమీ కాదు, కొన్ని పుస్తకాలు పోతాయి. గ్రంథాలయాల మధ్య ఎక్కడైనా నడిచే పద్ధతి ఒకటే: పుస్తకం తెప్పించుకున్న గ్రంథాలయానిదే బాధ్యత, చదివిన మనిషిది కాదు. ఆ మనిషి దగ్గర ఎలా వసూలు చేసుకుంటారన్నది వాళ్ల సంగతి, మీకు మాత్రం ఆ గ్రంథాలయమే అదే పుస్తకం కొనిగానీ, దొరక్కపోతే మీరు ఒప్పుకున్న వేరే పుస్తకంగానీ ఇవ్వాలి. ఈ ముక్క మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. తర్వాత రాసుకుందాంలే అనుకుంటే స్నేహాలు చెడతాయి.

రెండు రిజిస్టర్లు పెట్టండి, బయటికి వెళ్లినవి ఒకదాంట్లో, బయటి నుంచి వచ్చినవి ఇంకోదాంట్లో. మీ మామూలు ఇష్యూ రిజిస్టర్లో వీటిని కలిపేస్తే నెల తిరిగేసరికి ఏది ఎవరిదో తేలదు. దొరకని పాత పుస్తకాలు, దాత పేరు రాసి ఉన్నవి, నిఘంటువులు బయటికి ఇవ్వకండి, ఇవ్వలేమని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

దూరం పంపాల్సి వస్తే పోస్టాఫీసులో జ్ఞాన పోస్ట్ అని అడగండి, 2025 మే 1 నుంచి పుస్తకాల కోసమే పెట్టారు. మొదలైనప్పుడు 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం అని నిర్ణయించారు. పార్సిల్ ఎక్కడిదాకా వెళ్లిందో ట్రాకింగ్ కూడా ఉంటుంది.

ప్రశ్న: కావలిలో ఉంటాను, పీహెచ్‌డీ చేస్తున్నాను. స్వాతంత్ర్యానికి ముందటి తెలుగు పత్రికలు కావాలి. మా ఊరి గ్రంథాలయం ద్వారా తెప్పించుకోవచ్చా?

జవాబు: అమ్మా, అంత పాత పత్రికల్ని గ్రంథాలయాలు బయటికి పంపవు, పంపకూడదు కూడా, ముట్టుకుంటే విరిగే కాగితం అది. మీరే వెళ్లాలి. మీకు దగ్గర్లో వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టారు, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోదే, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కావలి నుంచి అదే రైలు మార్గం, వేటపాలెంలో ఆగని బండ్లకు చీరాలలో దిగండి. వెళ్లేముందు ఫోన్ చేసి మీకు కావాల్సిన పత్రిక పేరు, నెల, సంవత్సరం చెప్పండి. "పాత పత్రికలన్నీ చూడాలి" అంటే మీకూ వాళ్లకూ రోజు వృథా.

పుస్తకాలైతే మీ యూనివర్సిటీ గ్రంథాలయంలో డెల్‌నెట్ సభ్యత్వం ఉందేమో అడగండి. ఢిల్లీలో ఉండే సంస్థ అది, సభ్య గ్రంథాలయాల మధ్య పుస్తకాలు అరువిప్పిస్తుంది, కాకపోతే మీరు విడిగా రాస్తే పనవ్వదు, లైబ్రేరియన్ ద్వారానే వెళ్లాలి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కూడా స్కాన్ చేసిన తెలుగువి బోలెడున్నాయి, బయల్దేరే ముందు ఒకసారి వెతకండి.

ప్రశ్న: పక్క ఊరికి పుస్తకం పంపే బదులు పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టేస్తే సరిపోదా? (టంగుటూరు)

జవాబు: రచయిత చనిపోయిన ఏడాది దాటాక 60 ఏళ్లు గడిచిన పుస్తకమైతే పెట్టుకోండి. మిగతావాటికి హక్కుదారుల అనుమతి కావాలి. మన తెలుగు రచయితల్లో చాలామంది పుస్తకం సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంటారు, కాస్త వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించండి.

ప్రశ్న: ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ఉంటుంది. ఆ డబ్బు మా ఊరి గ్రంథాలయానికి రాదా? (ఉదయగిరి)

జవాబు: నేరుగా రాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, శాఖా గ్రంథాలయాలు నడిచేది ప్రధానంగా దాని మీదే. మీరు కట్టింది అక్కడికి చేరిందో లేదో తెలుసుకునే హక్కు మీకుంది. సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు. గత మూడేళ్లలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన, ఈ మూడు మాత్రమే అడగండి. జవాబు చేతికొచ్చాక దాని నకలు జతచేసి, మీ ఊళ్లో పుస్తక నిక్షిప్త కేంద్రం (సంస్థ పుస్తకాలు కొన్ని ఊళ్లోనే ఉంచి చదవడానికిచ్చే చోటు) పెట్టమని సంస్థ కార్యదర్శికి రాయండి. రోజూ తలుపు తీసే మనిషి, గది ఉన్నాయని పంచాయతీ తీర్మానం కూడా ఆ అర్జీతో పంపండి.