అన్నం మానేసినా పీసీఓఎస్ తగ్గలేదు, ఎందుకని?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఎత్తు 158 సెం.మీ., బరువు 70 కిలోలు. ఏడాది కిందట పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అన్నారు. నెలసరి 50, 60 రోజులకోసారి వస్తోంది. అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున బెల్లం వేసిన రాగిజావ, మధ్యాహ్నం, రాత్రి మూడేసి చపాతీలు, కొంచెం కూర. ఆరు నెలలైనా కిలో కూడా తగ్గలేదు. పాలు కూడా మానేయాలా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు అన్నం మానేశారు కానీ పిండిపదార్థాలు తగ్గించలేదు. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలు మూడు తింటే ఒకటిన్నర కప్పు అన్నం తిన్నట్టే. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, కాదనం. కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి బెల్లం కలిపితే అది ఇట్టే అరిగిపోయి రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. పదకొండింటికల్లా మళ్లీ ఆకలేస్తోందంటే కారణం అదే.

పీసీఓఎస్ ఉన్న చాలామందిలో రక్తంలో చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ హార్మోన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది. అండం సరిగా ఎదగదు, విడుదల కాదు, నెలసరి వెనక్కి పోతుంది.

పొద్దున జావ బదులు పెసరట్టు వేసుకోండి. 50 గ్రాముల పొట్టు పెసలు రాత్రే నానబెడితే రెండు అట్లు వస్తాయి, దాదాపు 12 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. లోపల ఉప్మా వద్దు. అల్లం పచ్చడిలో బెల్లం తగ్గించండి. తీరిక లేని రోజు రెండు ఉడికించిన గుడ్లు, ఒక ఇడ్లీ చాలు.

మధ్యాహ్నం కంచం తీరే మారాలి. మనకు నడిమధ్య అన్నం గుట్ట, అంచున రెండు చెంచాల కూర అలవాటు. దీన్ని తిరగెయ్యండి. ముందు సగం కంచం బెండ, బీర, దొండ, గోరుచిక్కుడు, ఆకుకూర ఏదో ఒకటి వడ్డించుకోండి. పక్కన గట్టి పప్పు ఒక కప్పు, లేదా చేప, చికెన్ 100 గ్రాములు. అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు, ఆఖర్న పెట్టుకోండి. పెరుగు మామూలే. చారు, సాంబారును పప్పు కింద లెక్కేయకండి, వాటిలో పప్పు కొంచెమే. బంగాళాదుంప వేపుడు చేసిన రోజు అన్నం సగానికి తగ్గించాలి.

రాత్రి ఎనిమిదింటిలోపు రెండు చపాతీలు, నిండుగా కూర, పప్పో పనీరో ఉండాలి. తిన్నాక పావుగంట నడవండి.

పాలు మానాలనడానికి గట్టి ఆధారం లేదు. మానాల్సింది టీలో చక్కెర. రోజుకు మూడు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలంటే దాదాపు 30 గ్రాములు!

మీరు 50 కిలోలకు రావాలని బెంగపడకండి. ఉన్న బరువులో 5 శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. వారానికి అరకిలో మించి తగ్గాలని పస్తులుండొద్దు. రాత్రి మానేసిన తిండి మర్నాడు సాయంత్రం మిక్చర్ పొట్లం రూపంలో తిరిగొస్తుంది.

90 రోజులు దాటినా నెలసరి రాకపోతే మాత్రం తిండితో సరిపెట్టుకోకుండా గైనకాలజిస్టును కలవండి. గర్భాశయ లోపలి పొర మందమైపోతుంది, దానికి మందులు కావాలి. ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. చాలాకాలంగా వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: నా బరువు 48 కిలోలే, ఎత్తు 160 సెం.మీ. నాకూ పీసీఓఎస్ అన్నారు. డైటింగ్ చేయాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. మీరు బరువు తగ్గకూడదు. కంచం తీరు పైన చెప్పినట్టే ఉంచి, అన్నం ఒకటిన్నర కప్పు తినండి, సాయంత్రం గుప్పెడు వేరుశెనగలు కలపండి. తక్కువ తినడం వల్ల కూడా నెలసరి ఆగుతుంది. అందుకే ఈ మధ్య బరువు తగ్గారా, తిండి తగ్గించారా అన్నది మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పరీక్షలు చేయించకపోయి ఉంటే అడిగి చేయించుకోండి.