చెట్టుని నడిచేవాళ్ల పక్కన గీయమ్మా

చిరంజీవి లావణ్యకు, మేనత్త ఆశీర్వదించి రాయునది.

విజయవాడ వీధులూ పార్కులూ పచ్చగా తీర్చిదిద్దే పనిలో నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. మా పిల్ల గీసిన దారిలో ఊరంతా నడుస్తుందంటే ఎంత గర్వంగా ఉందో! ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. జీవితమంతా ఈ ఊళ్లో నర్సుగా గడిపినదాన్ని, వీధి అనగానే నాకు వార్డుకి వచ్చిన మనుషులే గుర్తొస్తారు.

కొలతలు నీకు చెప్పక్కర్లేదు. ఫుట్‌పాత్ ఆరడుగులకి తగ్గనివ్వకు, అంతే. నీడ సంగతి మాత్రం శ్రద్ధగా విను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా ఆసుపత్రి రోడ్డుకి రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లుండేవి. రోడ్డు వెడల్పు చేస్తామని కొట్టేశారు. బదులుగా డివైడర్‌లో పూలమొక్కలు పెట్టారు. కార్లలో పోయేవాళ్లకి కంటికింపుగానే ఉండేది, నడిచేవాళ్లకి ఒరిగిందేమీ లేదు. బస్టాపులో జనం కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడేవాళ్లు, నీడ జరిగితే వాళ్లూ జరిగేవాళ్లు. ఆ చెట్ల కింద తాటిముంజలమ్ముకునే మనిషిని ఓ మే నెలలో మా వార్డుకి మోసుకొచ్చారు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చుక్క చెమట లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు. తడిబట్టలు చుట్టాం, చంకల్లో ఐసు పెట్టాం. దక్కలేదు. “చెట్టున్నన్నాళ్లూ ఈయనకేం కాలేదమ్మా” అని వాళ్లావిడ ఏడుస్తుంటే నా దగ్గర జవాబు లేదు. 2015 ఎండలకి మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో ఎండలో పనిచేసుకునే కూలీలూ ముసలివాళ్లూ ఎందరో.

అందుకే తల్లీ, డివైడర్ సంగతి తర్వాత, ముందు ఫుట్‌పాత్ పక్కన చెట్టు గీయి. బస్టాపుకి పడమటివైపు తప్పనిసరిగా ఉండాలి. కానుగ, వేప, పొగడ ఏదైనా సరే. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే పరదేశి చెట్టుని అంటగట్టబోతారు, ఒప్పుకోకు. ఆరోగ్యానికి చేటని గుజరాత్ 2023లోనే దాన్ని వద్దంది. చెట్టు మొదట్లోకి సిమెంటు పోయనివ్వకు. ఢిల్లీ చెట్ల చుట్టూ మీటరు మేర మట్టి వదలాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే చెప్పింది. వేళ్లకి నీళ్లందక తుపాను గాలికి కూలితే మళ్లీ చెట్టునే తిడతారు.

పార్కు అనగానే ఫౌంటెన్ గీస్తావేమోనని నా భయం. నాలుగు రోజులు తిరిగి ఆగిపోతుంది. నీళ్లు వారం పైన నిలిచాయంటే డెంగీ దోమ తయారు. షుగర్ వాళ్లని రోజూ అరగంట నడవమని డాక్టర్లు చెబుతూనే ఉంటారు, ఆ అరగంట ఎక్కడ నడవాలో ఎవరూ చెప్పరు. ఊరి మధ్యనుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పోతుండగా స్థలం లేదనే మాట నీ నోట రాకూడదు. ఆ గట్ల మీద చెట్లు పెంచి, లైట్లు వేసి, ముసలివాళ్లు కూర్చోడానికి బెంచీలు వేయి. పార్కులు పొద్దున్నా సాయంత్రమే తెరిచి నడిమధ్యాహ్నం తాళం వేస్తారు చూడు, దాని మీద పోట్లాడు. రిక్షావాడికి, కూలివాళ్లకి నీడ కావలసింది ఆ వేళే.

ఇంకొకటి. ఆడవాళ్లు బయటికొస్తే మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో మంటతో వచ్చిన ఎంతమందిని చూశానో! కొలతలకని ఎండలో తిరిగే నువ్వూ అదే చేస్తావు, నాకు తెలుసు. చేశావంటే ఊరుకోను. నెత్తిన టోపీ, సంచిలో మజ్జిగ, లీటరు నీళ్లలో కలుపుకోడానికి ఓఆర్‌ఎస్ పొట్లం లేకుండా గడప దాటకు, బంగారుతల్లీ.

ఆదివారం భోజనానికి రా. గోంగూర పప్పు చేస్తాను. నీ గీతల కాగితాలు తెచ్చుకో, మరుగుదొడ్డి ఎక్కడ పెట్టావో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త