సూపర్‌నోవాల మీద పీహెచ్‌డీ: అమ్మాయి అమెరికా వెళ్లక తప్పదా?

ప్రశ్న: మాది నంద్యాల, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాదిలో ఉంది. పేలిపోయే నక్షత్రాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అప్పు చేసైనా అమెరికా పంపాలా? అయిదారేళ్లు చదివాక ఉద్యోగం వస్తుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు అమెరికా టెన్షన్ పక్కన పెట్టండి. అమ్మాయి చేయాలనుకుంటున్న పని మీరున్న బెంగళూరులోనే జరుగుతోంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. అది కోరమంగళలోని ఐఐఏ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్) వాళ్లది. దాన్ని ఉపగ్రహ లింకు ద్వారా బెంగళూరు పక్కనున్న మన హోస్కోటె నుంచే నడుపుతారు. 2023 మేలో, 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం101 గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినట్టు జపాన్ ఔత్సాహికుడు కోయిచీ ఇతగాకీ కనిపెట్టారు. హాన్లే టెలిస్కోపులతో, మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్‌తో మనవాళ్లూ దాన్ని వెంటాడి పేపర్లు రాశారు.

అయితే ఈ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. సూపర్‌నోవా, అంటే ఆ పేలే నక్షత్రం, ఎవరి కోసమూ ఆగదు. టైప్ వన్-ఏ రకమైతే మూడు వారాల లోపే గరిష్ఠ కాంతికి చేరి, తగ్గడం మొదలవుతుంది. పేలుడులో పుట్టిన నికెల్-56 కోబాల్ట్‌గా, అది ఇనుముగా మారుతూ ఇచ్చే శక్తితోనే ఆ సూపర్‌నోవా నెలల తరబడి వెలుగుతుంది. అన్నాళ్లూ వదలకుండా కొలవాలి. టెలిస్కోప్ రాత్రులు ముందే పంచేసి ఉంటాయి కాబట్టి, కొత్తది పేలగానే వేరేవాళ్ల రాత్రిలోంచి కాసేపు అడిగి తీసుకోవాలి. వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) హైడ్రోజన్ గీతలుంటే భారీ నక్షత్రం గర్భం కూలిపోయిందని అర్థం. హైడ్రోజన్ లేకుండా 6,150 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర సిలికాన్ వల్ల కాంతి తగ్గిన గుంట కనిపిస్తే అది శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి మిగిలిన చిన్న, దట్టమైన నక్షత్రం) పేలుడు, అంటే టైప్ వన్-ఏ. ఆ గుర్తింపు నిమిషాల పనే. ఆ తర్వాత పేలుడు లేనప్పటి పాత ఫోటోను కొత్తదానిలోంచి తీసేసి, గెలాక్సీ వెలుగు పోయి నక్షత్రం వెలుగు ఒక్కటే మిగిలేలా చేయడానికి పైథాన్ ప్రోగ్రామింగ్‌తో వారాల కుస్తీ. ఆకాశం కంటే స్క్రీన్ చూసే గంటలే చాలా ఎక్కువ.

ఆ కుస్తీ అమ్మాయికి నచ్చుతుందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఆకాశాన్ని పదే పదే ఫోటోలు తీసే జెడ్‌టీఎఫ్ సర్వే కొలతలు, వైజ్‌రెప్ అనే ఆన్‌లైన్ భాండాగారంలోని వర్ణపటాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్క సూపర్‌నోవా తీసుకుని, దాని కాంతి ఎలా పెరిగి తగ్గిందో గ్రాఫ్ గీసి, రకమేదో తనే తేల్చమనండి. ఆ పని మధ్యలో భోజనానికి పిలిస్తే "ఆగమ్మా" అనే పిల్ల అయితే, నాకింక అనుమానం లేదు.

ప్రవేశానికి జెస్ట్, గేట్, నెట్ లాంటి పరీక్షల స్కోర్లు కావాలి. ఏ సంస్థ ఏది తీసుకుంటుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఐఐఎస్‌సీలోని జాయింట్ ఆస్ట్రానమీ ప్రోగ్రామ్‌కూ తప్పక దరఖాస్తు పెట్టించండి. ఇంటర్వ్యూలో సూపర్‌నోవాల కంటే క్వాంటమ్ మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం గట్టిగా అడుగుతారు. పరిశోధక విద్యార్థికిచ్చే ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు రూ. 37,000, రెండేళ్ల తర్వాత రూ. 42,000. ఇంటద్దె భత్యం అదనం. మీ జేబులోంచి పెట్టాల్సిన చదువు కాదు.

విదేశాల్లో పూర్తి ఫండింగ్‌తో సీటొస్తే సంతోషంగా పంపండి. అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్లి, పీహెచ్‌డీ సంగతి తర్వాత చూద్దాం అనే దారి మాత్రం వద్దు.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. శాశ్వత పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్ల చొప్పున పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), తరచూ పరాయి దేశాల్లో. అందరూ ప్రొఫెసర్లు కాలేరు. కాలేని వాళ్లు డేటా సైన్స్‌లోకి వెళ్తున్నారు, అక్కడ ఈ నేర్పుకు విలువుంది. కానీ ఈ రంగంలోకి రావడానికి ఇది మంచి సమయమనే నా నమ్మకం. చిలీలో 8.4 మీటర్ల రూబిన్ టెలిస్కోప్ 2025 జూన్‌లో తొలి చిత్రాలు చూపించింది. దాని పదేళ్ల సర్వేలో సూపర్‌నోవాలు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. ఒక్కోదాని వర్ణపటం తీసి అదేమిటో చెప్పేవాళ్లకే కొరత. హాన్లే లాంటి చోట పని నేర్చినవాళ్లకు గిరాకీ అక్కడే.

ఇంకొక్క మాట. గైడ్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. ఆ గ్రూపులో ఇప్పుడున్న విద్యార్థులతో అమ్మాయినే మాట్లాడమనండి: థీసిస్‌కు ఎన్నేళ్లు పడుతోంది, టెలిస్కోప్ సమయం చేతికి అందుతోందా, మొదటి పేపర్ మీద మొదటి పేరు ఎవరిది? కోరమంగళ మీ ఇంటికి ఎంతో దూరం లేదు, దరఖాస్తుకు ముందే వెళ్లి అడిగి రావచ్చు.