భూటాన్ రుసుము ఎందుకు?

ప్రశ్న: భూటాన్‌లో పర్యాటకులు గది అద్దె కాక రోజువారీ రుసుము కూడా ప్రభుత్వానికి కట్టాలట. భారతీయులకూ తప్పదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పదు. 2020కి ముందు మనకు మినహాయింపు ఉండేది. ఇప్పుడు తలకు, రాత్రికి 1,200 రూపాయలు చెల్లించాలి. యూరప్, అమెరికా వంటి దేశాలవారికి 2022 సెప్టెంబరులో 200 డాలర్లుగా నిర్ణయించిన ఈ సుస్థిరాభివృద్ధి రుసుమును, సందర్శకుల రాక ఆశించినంతగా పుంజుకోకపోవడంతో, మరుసటి ఏడాదే 100 డాలర్లకు తగ్గించారు. జనం తాకిడిని అదుపులో ఉంచుతూనే ఆదాయం పొందాలన్నది 1974లో విదేశీ పర్యాటకులను అనుమతించడం మొదలుపెట్టిననాటి నుంచీ ఆ దేశం అనుసరిస్తున్న ధోరణి. ఉచిత విద్య, వైద్యాలకూ, పర్యావరణ పరిరక్షణకూ ఈ సొమ్మును వెచ్చిస్తామని ప్రభుత్వం చెబుతుంది. ఉద్దేశం మెచ్చదగినదే. అయితే, నా దృష్టిలో, దీని భారం ముందుగా పడేది మధ్యతరగతి యాత్రికులపైన, వారినే నమ్ముకున్న చిన్న హోటళ్లపైన. పిల్లలతో వెళుతున్నట్లయితే, 6 నుంచి 12 ఏళ్లవారికి సగం రుసుమేనని గమనించండి.