అమ్మాయి ఫోన్‌లో కాపలా తీసేసే ముందు

చిన్నా,

అమ్మాయి ఫోన్ మీద పెట్టిన కాపలా యాప్‌లు (పేరెంటల్ కంట్రోల్స్ అంటారే, అవి) ఇక తీసెయ్యొచ్చా అని నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు "తీసెయ్యరా, 15 ఏళ్ల పిల్లకి ఇంకా ఏంటిది" అనేశాను. ఫోన్ పెట్టేశాక నాకే మనసు ఒప్పలేదు. తీసెయ్యమని చెప్పడం తేలికే. ఎలా తియ్యాలో చెప్పకపోతే నేను చేసిన పొరపాటే నువ్వూ చేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఈ పని నేను రెండుసార్లు చేశాను. ఒకసారి మా వాడికి, ఇంకోసారి మా అమ్మాయికి. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాను. వాడికి 16 నిండిన రోజు "ఇక నీ ఫోన్ నీ ఇష్టం" అని గొప్పగా ప్రకటించి, వాడి కళ్లముందే నా ఫోన్‌లో ఉన్న కాపలా యాప్‌ని డిలీట్ చేశాను. పని అయిపోయిందనుకున్నా. ఆ రాత్రి సరిగ్గా తొమ్మిదిన్నరకి వాడి ఫోన్‌కి రోజూలాగే తాళం పడింది. మర్నాడు పొద్దున్నే పరీక్ష, అప్పుడే స్నేహితుడు పంపిన నోట్సు చూసుకుంటున్నాడు. లేచొచ్చి గుమ్మంలో నిలబడి, స్క్రీన్ నా వైపు తిప్పి పట్టుకున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. నేను తీసేశానంటే ఎలా నమ్ముతాడు? యాప్ మళ్లీ వేసుకుందామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. మర్చిపోయానని నొక్కితే కోడ్ నా పాత నంబరుకి పోతోంది, ఆ నంబరు వదిలేసి ఏడాది దాటింది. అంతా సర్దుకునేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాడు నాతో పొడిపొడిగానే మాట్లాడాడు.

కాపలా ఉండేది మన ఫోన్‌లోని యాప్‌లో కాదని, పిల్లల అకౌంట్‌లో అని నాకప్పుడే తెలిసింది. యాప్ మన చేతిలో ఉన్న తాళంచెవి మాత్రమే. నేను తాళం తియ్యకుండానే తాళంచెవి తీసుకెళ్లి బావిలో పడేశాను.

కాబట్టి నువ్వు మొట్టమొదట చెయ్యాల్సింది, ఏమేం పెట్టావో ఒక కాగితం మీద రాసుకోవడం. నాలుగేళ్ల కిందట పెట్టావంటున్నావు, నీకే అన్నీ గుర్తుండవు. ఫోన్ కంపెనీ ఇచ్చేది ఒకటుంటుంది: ఆండ్రాయిడ్ అయితే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. దాని మీద నువ్వు డబ్బులు పెట్టి కొన్న యాప్ ఇంకొకటి ఉందేమో. యూట్యూబ్‌లో, ప్లే స్టోర్‌లో విడివిడిగా పెట్టిన పిన్‌లు, ఇంట్లో వైఫై రౌటర్‌కి పెట్టిన ఫిల్టర్ ఉంటాయి. వీటిలో ఒకటి తీసేసి మిగతావి మర్చిపోతే ఏదో ఒక పేజీ తెరుచుకోదు. మా వాడికి లాగే ఆ అమ్మాయికీ నువ్వు అబద్ధం చెప్పావనిపిస్తుంది. ఇంకోటి, దీని గురించి కోడలితో మాట్లాడావా? నిన్న ఆ ఊసే ఎత్తలేదు నువ్వు. ఫ్యామిలీ లింక్ ఇద్దరి ఫోన్లలోనూ ఉండొచ్చు. ఒకళ్లు సడలిస్తుంటే ఇంకొకళ్లు బిగిస్తూ కూర్చుంటే మధ్యలో నలిగేది పిల్లే.

వయసు సంగతి. ఫ్యామిలీ లింక్‌లో 13 లోపు పిల్లలకి కాపలా పూర్తిగా ఆపడానికి లేదు. పరిమితులు వదులు చేసుకోవచ్చు, అంతే. కొన్ని దేశాల్లో ఈ వయసు ఇంకా ఎక్కువ. ఆపిల్ కూడా 13 లోపు పిల్లల్ని కుటుంబ గ్రూపులోంచి ఊరికే తీసెయ్యనివ్వదు. ఈ 13 ఎక్కణ్ణించి వచ్చిందంటే, 1998లో అమెరికాలో కోపా అని ఒక చట్టం చేశారు. ఆ వయసు లోపు పిల్లల వివరాలు వెబ్‌సైట్లు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది ఆ చట్టం. ఐరోపా వాళ్లు తర్వాత 16 అని పెట్టి, కావాలంటే ఏ దేశానికా దేశం 13 వరకు తగ్గించుకోవచ్చన్నారు. ఇవన్నీ కంపెనీలకి గీసిన గీతలు. పిల్లకి బుద్ధి ఎప్పుడొస్తుందో లెక్కకట్టి పెట్టినవి కావు. మీ అమ్మాయికి వయసు వచ్చింది కాబట్టి ఆ అడ్డంకి నీకు లేదు. మిగతాది నువ్వు ఆలోచించుకోవాల్సిందే.

ఫ్యామిలీ లింక్ అయితే నీ ఫోన్‌లో యాప్ తెరిచి, అమ్మాయి పేరు నొక్కి, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే సూపర్‌విజన్ అని కనిపిస్తుంది, మనం కాపలా అంటున్నది అదే. ఆపే బటన్ అక్కడే ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మెనూలు అటూ ఇటూ జరుపుతుంటారు, కనిపించకపోతే కంగారుపడకు. ఆ బటన్ నొక్కగానే రోజువారీ టైమ్, రాత్రి తాళం, యాప్‌లకి అనుమతి, లొకేషన్ అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. అందుకే ఆ బటన్ చిట్టచివరికి. ముందు ఒక నెలా నెలన్నర ఒక్కొక్కటీ వదులు చెయ్యి. రోజువారీ టైమ్ ముందు తీసెయ్యి, అసలు అది ఎవరికీ ఉపయోగపడినట్టు నాకు తోచలేదు. తర్వాత రాత్రి తాళం. ఆ తర్వాత, కొత్త యాప్ వేసుకోవాలంటే నిన్నడిగే పద్ధతి. డబ్బులు ఖర్చయ్యే వాటికి మాత్రం తొందరపడకు. నీ కార్డు కుటుంబ గ్రూపుకి తగిలించి ఉంటే దాని సంగతి విడిగా చూసుకో, సూపర్‌విజన్ ఆపేశాను కదా అని వదిలెయ్యకు.

ఐఫోన్ అయితే పని తక్కువ. నీ ఫోన్ సెట్టింగ్స్‌లో కుటుంబం కింద అమ్మాయి పేరు ఉంటుంది, అందులో స్క్రీన్ టైమ్. దానికి నాలుగంకెల కోడ్ వేరే ఉంటుంది, ఫోన్ తెరిచే కోడ్ అది కాదు. మర్చిపోతే అమ్మాయి ఫోన్‌లో కూర్చుని నీ పుట్టినరోజూ పెళ్లిరోజూ కొట్టి చూడకు, తప్పు పడేకొద్దీ ఇంకాసేపు ఆగమంటుంది. నీ ఫోన్‌లోంచే నీ వేలిముద్రతోనో ముఖంతోనో మార్చుకోవచ్చు. (నువ్వు మర్చిపోయినా ఆ కోడ్ అమ్మాయికి గుర్తుండే ఉంటుంది. మా అమ్మాయికి ఏడాది ముందే తెలుసట. నా వేలు కదిలే తీరు చూసి పట్టేసింది.)

అసలు తలనొప్పి కొనుక్కున్న యాప్‌లతోనే. పిల్లలు తీసెయ్యకూడదనే అవి ఫోన్‌లో లోతుగా పాతుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో డివైస్ అడ్మిన్ అని, ఫోన్ మీద పెత్తనం ఇచ్చే హక్కు తీసుకుంటాయి, అందుకే అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కినా పనిచెయ్యదు. స్క్రీన్ మీద ఏముందో చూడనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుంటాయి. కొన్ని వీపీఎన్ పెట్టి ఫోన్ ఇంటర్నెట్‌ని తమ దారిలోకి మళ్లిస్తాయి, అప్పుడు పైన చిన్న తాళంచెవి బొమ్మ కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే జనరల్ కింద వీపీఎన్, డివైస్ మేనేజ్‌మెంట్ అన్నచోట ప్రొఫైల్ అని, ఆ యాప్ పెట్టిన సెట్టింగ్స్ మూట ఒకటి కూర్చుని ఉంటుంది. వీటిని తియ్యడానికి వరస ఉంది. ముందు నీ అకౌంట్‌లోకి వెళ్లి అక్కణ్ణించి అమ్మాయి ఫోన్‌ని విడదీయాలి, ఆ తర్వాతే ఫోన్‌లోంచి యాప్ తియ్యాలి. తీశాక ప్రైవేట్ డీఎన్‌ఎస్ అన్న సెట్టింగ్ కూడా ఒకసారి చూడు, వెబ్‌సైట్ల అడ్రసులు ఫోన్ ఎవరినడిగి తెలుసుకోవాలో చెప్పేది అదే. అక్కడ పాత ఫిల్టర్ అడ్రసు మిగిలిపోయి, ఆ సర్వీసు ఆగిపోయిందనుకో, ఇంటర్నెట్ రాదు. ఫోన్ పాడైందని రిపేరుకి పరిగెడతారు.

యాప్ తీసినంత మాత్రాన డబ్బులు కట్ అవ్వడం ఆగదు. సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చెయ్యాలి. ఆ కంపెనీ దగ్గరున్న అకౌంట్ కూడా డిలీట్ చేయించు. నాలుగేళ్లుగా పిల్ల ఎక్కడికెళ్లిందో, ఏం చూసిందో వాళ్ల సర్వర్లలో పడి ఉంటుంది. 2018లో ఇలాంటి ఒక యాప్ సర్వర్‌లో వేలకొద్దీ అకౌంట్ల వివరాలు, పిల్లల ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్‌లతో సహా, ఎవరైనా చూసేలా బయటపడి ఉన్నాయని తేలింది. కాపలాకి పెట్టుకున్నవాడే తలుపు బార్లా తెరిచి పెట్టాడన్నమాట.

ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తే అన్నీ పోతాయని ఎవరైనా చెప్తే వినకు. ఫోటోలు పోతాయి. రీసెట్ అయ్యాక పాత గూగుల్ అకౌంట్ అడగొచ్చు, అది తెలియకపోతే ఫోన్ ఇటుకరాయే. పైగా ఫ్యామిలీ లింక్ అకౌంట్‌లో ఉంటుందన్నానుగా, అమ్మాయి మళ్లీ లాగిన్ అవ్వగానే అది కూడా తిరిగొస్తుంది. "ఏ లాక్ అయినా క్షణంలో తీసేస్తాం" అనే ప్రోగ్రాముల జోలికి అసలు పోకు, ఉన్న దొంగకి తోడు ఇంకో దొంగని తెచ్చుకోవడమే.

ఇదంతా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి. మా అమ్మాయికి అలాగే చేశాను. రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టుకుని, ఇన్నాళ్లూ నాకు ఏమేం కనిపించేవో ముందు చూపించాను. వారం వారం వచ్చే రిపోర్ట్, మ్యాప్ మీద చుక్క, అన్నీ. అది ఊహించుకున్న దానికంటే నాకు చాలా తక్కువే కనిపించేవట. "ఇంతేనా? నువ్వు నా మెసేజ్‌లు కూడా చదువుతున్నావనుకున్నా" అంది. మూడేళ్లు పిల్ల అలా అనుకుంటూ బతికిందా అని నాకు ఒకలాగా అయ్యింది. నువ్వు కొన్న యాప్ మెసేజ్‌లు చూపించేదైతే, నువ్వు చదివి ఉంటే, చదివానని ఒప్పుకో. కారణాలు చెప్పుకుంటూ పోకు. తర్వాత చివరి బటన్ దాని చేతే నొక్కించు. మా అమ్మాయి నొక్కి, నా ముఖం చూసి, వెంటనే తన ఫోన్‌లో ఒక యాప్‌కి అరగంట టైమర్ తనే పెట్టుకుంది. మూడోరోజుకి దాన్ని గంట చేసుకుందనుకో. అయినా తను పెట్టుకున్నది, తను మార్చుకుంది.

లొకేషన్ గురించి నీకు బెంగ ఉందని తెలుసు. మ్యాప్స్‌లో ఒకరి లొకేషన్ ఒకరు చూసుకునేలా పెట్టుకోండి. అమ్మాయి ఎక్కడుందో నీకు కనిపిస్తే, నువ్వెక్కడున్నావో అమ్మాయికీ కనిపించాలి. వద్దంటే ఆపుకునే వీలు దానికుండాలి. అన్నీ తీసేశానని చెప్పి చాటుగా ఒకటి ఉంచుకోవడం మాత్రం చెయ్యకు. పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది. అప్పుడిక నువ్వు ఏం చెప్పినా చెవికెక్కదు.

ఇప్పుడు అసలు మాట. నాలుగేళ్లు యాప్‌లు పెట్టి నువ్వు భయపడింది దేనికి? టైమ్ వృథా గురించి కాదు కదా. ఎవడో గేమ్‌లో పరిచయమై, తియ్యగా మాట్లాడి, ఒక ఫోటో అడిగి, వచ్చాక అదే ఫోటో అందరికీ పంపుతానని బెదిరించి డబ్బు అడుగుతాడే, దానికి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ జరుగుతోంది. అప్పుడు పిల్లలు మనకి ఎందుకు చెప్పరంటే, తిడతారని, ఫోన్ లాగేసుకుంటారని. కాబట్టి బటన్ నొక్కే రోజునే చెప్పు: "ఎలాంటి గొడవొచ్చినా ముందు నా దగ్గరికి రా. తప్పు నీదైనా సరే, ఫోన్ తీసుకోను." ఆ మాట మీద నిలబడగలిగితేనే అను. బెదిరించేవాడికి డబ్బు పంపకూడదని, ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకుండా దాచాలని, తర్వాత వాణ్ణి బ్లాక్ చెయ్యాలని చెప్పు. 18 లోపు వాళ్ల కోసం టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ కూడా ఉంది, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం నడుపుతుంది. ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికొక గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు దానితో సరిపోలే ఫోటోలు తమ దగ్గర కనబడితే తీసేస్తాయి. అవసరం పడకూడదు, కానీ పేరు తెలిసి ఉండాలి.

ఒకవేళ ఇప్పుడే ఏదో జరుగుతోందని అనుమానం ఉంటే, పిల్ల నిద్ర సరిగ్గా పోకపోయినా, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా, ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఆ సంగతి కనుక్కో. రోజూ అనుమతులు నొక్కలేక విసిగిపోయి తీసేద్దామనుకుంటున్నావేమో కూడా చూసుకో. అలాగైతే అనుమతులొక్కటే తీసెయ్యి, సరిపోతుంది.

రాత్రిపూట ఫోన్ గది బయట చార్జింగ్ పెట్టే అలవాటు మాత్రం అలాగే ఉంచండి. దానికి ఏ యాప్ అక్కర్లేదు, నీ ఫోన్ కూడా అక్కడే పెట్టాలి, అంతే.

ఆదివారం పగలు చెయ్యి, రాత్రి పది గంటలకి మొదలుపెట్టకు. ముందురోజే నీ పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో, కోడ్ ఏ నంబరుకి వస్తోందో చూసుకో. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు. ఓటీపీ మాత్రం పంపకు, నాక్కూడా.

మీ పెద్దమ్మ