క్యామ్రీకి వడ్డీ మినహాయింపు వస్తుంది, ట్రాక్స్‌కి రాదు: కారు పేరు కాదు, పుట్టిన ఊరు చూడాలి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. నేను హెచ్‌1బి మీద ఉన్నాను. మా ఆవిడ హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. 2025 మే నెలలో కొత్త టొయోటా క్యామ్రీ, ఆగస్టులో తన కోసం కొత్త షెవర్లే ట్రాక్స్ కొన్నాం. రెండూ లోన్ మీదే. కారు లోన్ వడ్డీకి ట్యాక్స్‌లో మినహాయింపు వచ్చిందని విన్నాం. మా రిటర్న్ తయారుచేసే ఆయన "అది అమెరికా కార్లకే, టొయోటా జపాన్ వాళ్లది కదా" అంటూ ట్రాక్స్ వడ్డీ 480 డాలర్లు మాత్రం రాసి డ్రాఫ్ట్ పంపాడు. క్యామ్రీకి కట్టిన 1,420 డాలర్ల వడ్డీ వదిలేశాడు. ఇద్దరం కలిపి జాయింట్‌గా ఫైల్ చేస్తున్నాం, ఏజీఐ (పన్ను లెక్కకు సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) 2,02,300 డాలర్లు. మా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తోంది. ఏదైనా తప్పు పోతే దాని మీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. ఆ డ్రాఫ్ట్‌లో మీ రెండు కార్లూ తారుమారయ్యాయి. రావలసిన కారుకి వదిలేశారు, రాకూడని కారుకి రాశారు. రాసిన అంకె కూడా తప్పే.

2025 జులై 4న సంతకమైన పన్నుల చట్టంలో ఈ మినహాయింపు వచ్చింది. 2025 నుంచి 2028 వరకు నాలుగేళ్లు ఉంటుంది. సొంత వాడకానికి కొన్న కొత్త వాహనం మీద ఏడాదికి 10,000 డాలర్ల దాకా వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండా వచ్చే స్థిర తగ్గింపు) తీసుకునేవాళ్లకీ ఇది అదనంగా వస్తుంది. లోన్ 2024 డిసెంబర్ 31 తర్వాత తీసుకున్నదై ఉండాలి, ఆ వాహనం మీదే మొదటి తాకట్టు ఉండాలి. ఇక అసలు షరతు ఒకటుంది: వాహనం ఆఖరి బిగింపు, అంటే ఫైనల్ అసెంబ్లీ, అమెరికాలో జరిగి ఉండాలి. కంపెనీ ఏ దేశానిదని చట్టం ఎక్కడా అడగలేదు. కొన్నవాళ్లు పౌరులై ఉండాలని కూడా అనలేదు. ఏడాదంతా హెచ్‌1బి మీద ఇక్కడే ఉన్నారు కాబట్టి పన్ను లెక్కలో మీరు రెసిడెంట్లే, అందరిలా మామూలు 1040 రిటర్న్ ఫారం వేసేవాళ్లే.

మన పెనుకొండ సంగతి తలచుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. కియా కొరియా కంపెనీ. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో కార్లు చేస్తోంది. అక్కడి నుంచి బయటికొచ్చిన సెల్టోస్‌ని కొరియా నుంచి దిగుమతైన కారని ఎవరూ అనరు. అదే కియాకి 2009 నుంచి జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో ఫ్యాక్టరీ ఉంది. అక్కడ బిగించిన టెల్లూరైడ్ ఈ చట్టం దృష్టిలో అమెరికాలో పుట్టిన బండే.

విదేశీ కంపెనీలు ఇక్కడ కార్లు చేయడం కొత్తేమీ కాదు. ఫోక్స్‌వ్యాగన్ 1978లోనే పెన్సిల్వేనియాలో మొదలుపెట్టింది, పదేళ్లకు మూసేసింది. హోండా ఒహైయోలోని మేరీస్‌విల్‌లో ముందు మోటార్‌సైకిళ్లు చేసి, 1982లో అకార్డ్ కార్లు మొదలుపెట్టింది. 1983లో టెనెసీలోని స్మర్నాలో నిస్సాన్ పికప్ ట్రక్కులు వచ్చాయి. వాళ్లను ఇక్కడికి రప్పించింది కూడా చాలావరకు చట్టాలూ సుంకాలే. చిన్న ట్రక్కుల దిగుమతి మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. 1981లో జపాన్ ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి అమెరికాకు పంపనని ఒప్పుకుంది. ఓడలో తెచ్చే దారి ఇరుకైతే ఇక్కడే కట్టి అమ్మడం మేలనుకున్నారు. టొయోటా 1988లో కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. మీ క్యామ్రీ వచ్చింది అక్కడి నుంచే. తర్వాత బిఎండబ్ల్యు సౌత్ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌కి, మెర్సిడెస్, హ్యుందాయ్ అలబామాకి వచ్చాయి.

అటువైపు చూస్తే, షెవర్లే నూటికి నూరుపాళ్లు అమెరికా పేరే. కానీ ట్రాక్స్‌ని జనరల్ మోటార్స్ దక్షిణ కొరియాలో చేసి ఓడలో తెస్తుంది. ట్రెయిల్‌బ్లేజర్ కూడా అంతే. ఫోర్డ్ మావెరిక్, బ్రాంకో స్పోర్ట్, మస్టాంగ్ మాక్-ఈ మెక్సికోలో తయారవుతాయి. ఇవి ఎంత అమెరికా కంపెనీవైనా ఈ మినహాయింపు రాదు.

అలాగని "హోండా అయితే వస్తుంది, ఫోర్డ్ అయితే రాదు" అని ఇంకో తప్పు సూత్రం పెట్టుకోకండి. ఒకే కంపెనీలో ఒక మోడల్ ఇక్కడిది, ఇంకోటి బయటిది. బిఎండబ్ల్యు ఎక్స్5 స్పార్టన్‌బర్గ్‌ది, 3 సిరీస్ బయటి నుంచి వస్తుంది. టొయోటా టండ్రా మీ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోది, టకోమా మెక్సికోది. కొన్నిసార్లు ఒకే మోడల్ కూడా రెండు దేశాల్లో తయారవుతుంది. హోండా సిఆర్-వి ఒహైయోలో, ఇండియానాలో, కెనడాలోని ఒంటారియోలో కూడా చేస్తారు. ఒకే డీలర్ దగ్గర పక్కపక్కన నిలబెట్టిన రెండు సిఆర్-విలలో ఒకదానికి మినహాయింపు వచ్చి రెండోదానికి రాకపోవచ్చు. అందుకే నేను చెప్పినా, స్నేహితుడు చెప్పినా మోడల్ పేరు విని నమ్మకండి. మీ ఇంటి ముందున్న ఆ ఒక్క బండి సంగతే తేల్చుకోండి.

తేల్చుకోవడం కష్టం కాదు. కొత్త కారు అద్దానికి ధరల కాగితం అంటిస్తారు కదా, అది 1958 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి. కొన్నవాళ్ల చేతికి బండి వచ్చేలోపు డీలర్ దాన్ని కావాలని తీసేస్తే నేరం. 1992లో వచ్చిన ఇంకో చట్టం వల్ల విడిభాగాల వివరాలు కూడా చూపాలి. అమెరికా, కెనడా విడిభాగాలు ఎంత శాతం, ఇంజిన్ ఏ దేశానిది, గేర్‌బాక్స్ ఏ దేశానిది, ఆఖరి బిగింపు ఏ ఊళ్లో జరిగింది అని అందులో ఉంటుంది. మీకు కావలసింది చివరిదొక్కటే. ఆ శాతాలు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజిన్ జపాన్‌ది, బ్యాటరీ ఇంకెక్కడిదో అయినా సరే, బండి నడవడానికి కావలసిన భాగాలన్నీ కూడిన వాహనంగా డీలర్‌కి ఏ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిందన్నదే ఇక్కడ లెక్క.

ఆ కాగితం పారేసి ఉంటే విన్ నంబర్, అంటే ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, చూడండి. 17 అక్షరాలుంటాయి. డ్రైవర్ వైపు అద్దం కింద, తలుపు పక్క స్టిక్కర్ మీద, ఇన్సూరెన్స్ కార్డు మీద కూడా కనిపిస్తుంది. 1, 4, 5తో మొదలైతే సాధారణంగా అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, జె అయితే జపాన్, కె అయితే కొరియా. మీ క్యామ్రీది 4తో, ట్రాక్స్‌ది కెతో మొదలవుతుంది, ఇప్పుడే కిందికెళ్లి చూడండి. అయితే మొదటి అక్షరంతో ఆగిపోవద్దు. 11వ అక్షరం ఫ్యాక్టరీ గుర్తు. జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టిఎస్ఏ వాళ్ల ఉచిత విన్ డీకోడర్‌లో నంబర్ కొడితే ఫ్యాక్టరీ ఊరు, దేశం వస్తాయి. ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే అదే మీ జవాబు. రిటర్న్‌తో వెళ్లే షెడ్యూల్ 1-ఏలో ఈ విన్ నంబర్ రాయాలి, అది లేకపోతే మినహాయింపే లేదు. కెతో మొదలయ్యే నంబర్ అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి మీరే రాసిచ్చి, అమెరికాలో చేసిన కారని చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ డ్రాఫ్ట్‌లో జరిగింది అదే.

ఇప్పుడు అంకెల సంగతి. మన ఇళ్లలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. జాయింట్‌గా వేసేవాళ్ల ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటితే, ఒక్కరే వేసేవాళ్లది లక్ష దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ మినహాయింపులో 200 డాలర్లు కోస్తారు. వెయ్యి నిండకపోయినా నిండినట్టే లెక్క. 2,50,000 దాకా ఎంతో కొంత వస్తుందని చాలామంది అనుకుంటున్నారు. అది ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ కట్టేవాళ్ల మాట. కోత పడేది మీకు వచ్చే మినహాయింపులోంచి. కట్టిన వడ్డీ తక్కువైతే నాలుగడుగులు దాటగానే అది సున్నా అయిపోతుంది.

మీరు 2,300 దాటారు, కాబట్టి మూడు వేలుగా లెక్క, కోత 600. క్యామ్రీ వడ్డీ 1,420లోంచి 600 పోతే 820 మిగిలింది. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారు గనక మిగిలే పన్ను సుమారు 180 డాలర్లు. మీ ట్యాక్స్ ఆయన ఈ కోతను పట్టించుకోనే లేదు. ట్రాక్స్ అమెరికాలోనే పుట్టి ఉన్నా, ఆయన రాసిన 480లోంచి 600 తీస్తే ఏమీ మిగలదు.

ఇంకా ఒక దారి ఉంది, ఆలోచించండి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆఫీసులో హెచ్‌ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉన్న ఇన్సూరెన్స్ ప్లాన్ ఉండి, 2025 పరిమితిలో ఇంకా చోటు ఉంటే, 2026 ఏప్రిల్ 15 లోపు 2025 సంవత్సరానికని అందులో డబ్బు వేయవచ్చు. 2,300 వేస్తే మీ ఏజీఐ సరిగ్గా రెండు లక్షలకు దిగుతుంది. అప్పుడు కోత లేదు, 1,420 మొత్తం వస్తుంది. హెచ్‌ఎస్ఏలో వేసిన సొమ్ముకీ పన్ను తగ్గుతుంది. ఆఫీసు రిటైర్మెంట్ పొదుపు 401(కె) అయితే 2025కి గడువు దాటిపోయింది, కానీ వచ్చే ఏడాది లెక్క కోసం ఇప్పుడే పెంచుకోవచ్చు.

మీలాంటివాళ్లే అడిగే ఇంకో రెండు మూడు సంగతులు. లీజు కారుకి ఇది రాదు. ఒకరు వాడిన కారు ఎంత కొత్తదైనా రాదు. అన్నయ్య దగ్గరో, నాన్నగారి దగ్గరో అప్పు తీసుకుని కట్టే వడ్డీకి రాదు, పర్సనల్ లోన్ వడ్డీకీ రాదు. లోన్‌ని తర్వాత తక్కువ వడ్డీకి రీఫైనాన్స్ చేసుకుంటే పాత బాకీ మేరకు కొనసాగుతుంది.

గ్రీన్‌కార్డ్ భయం గురించి కాస్త వివరంగా చెబుతాను. ఈ ఒక్క భయంతో మనవాళ్లు న్యాయంగా రావలసిన డబ్బు కూడా వదులుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పన్ను విషయంలో వలసదారుల్ని నిజంగా దెబ్బతీసేది తెలిసి చేసిన అబద్ధం. 2012లో కావషిమా కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తెలిసి తప్పుడు రిటర్న్ వేసిన నేరం రుజువై, ప్రభుత్వానికి 10,000 డాలర్లకు మించి నష్టం జరిగితే, అది దేశం నుంచి పంపించేయదగ్గ నేరమే అంది. మీది ఆ కోవలోకి వచ్చే విషయం కాదు. చట్టం ఇచ్చిన మినహాయింపుని కాగితాలు దగ్గర పెట్టుకుని అడగడం మీ హక్కు. దానివల్ల గ్రీన్‌కార్డ్‌కి ఏ హానీ లేదు. నిజాయితీగా జరిగిన పొరపాటు ఐఆర్‌ఎస్ అడగకముందే సవరణ ఫారం 1040-ఎక్స్‌తో సరిచేసుకుంటే తక్కువైన పన్ను, దాని మీద వడ్డీ కట్టడంతో సాధారణంగా అయిపోతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ట్రాక్స్ కొరియాదని ఈ జవాబు చదివాక మీకు తెలిసింది. తెలిశాక సంతకం పెడితే అది పొరపాటు అనిపించుకోదు.

సంతకం మీది, బాధ్యత కూడా మీదే. రిటర్న్ చివర "ఇందులో ఉన్నది నిజమని ప్రమాణపూర్వకంగా" అని సంతకం చేసేది మీరిద్దరు. డబ్బు తీసుకుని తయారుచేసినాయన కూడా తన పిటిన్ నంబర్ (రిటర్న్‌లు తయారుచేసేవాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేసి సంతకం పెట్టి తీరాలి. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి రిటర్న్‌లు వేసిపెట్టే వాళ్లయినా, ఇక్కడే పక్క వీధిలో ఉన్నవాళ్లయినా చట్టం ఒక్కటే. ఆ గడి ఖాళీగా వదిలి "మీరే వేసుకున్నట్టు పంపండి" అంటే అక్కడే ఆపేయండి.

ఈ వారంలో మీరు చేయాల్సింది ఇది. లోన్ ఇచ్చిన బ్యాంకు ఖాతాలోకి వెళ్లి 2025లో క్యామ్రీకి కట్టిన వడ్డీ స్టేట్‌మెంట్ దించుకోండి. రెండు విన్‌ల డీకోడర్ ప్రింట్లు తీయండి. మూడూ మీ ట్యాక్స్ ఆయనకు పంపి, ట్రాక్స్ తీసేసి క్యామ్రీ రాయమని, 600 కోత చూపమని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. ఆయన సరిచేసి పంపిన కాపీలో క్యామ్రీ విన్ నంబర్ అంకె అంకె మీరే సరిచూసుకుని, మీ ఆవిడకీ చూపించి, అప్పుడు ఇద్దరూ సంతకం పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే ఏప్రిల్ 15కి ఇంకా సమయం ఉంది, వేరేవాళ్ల దగ్గరికి వెళ్లండి.